తార్నాక ఎవరి ఊరు?

(పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



దాణా మోతాదు గురించి, పచ్చిమేత గురించి, దూడల పెంపకం గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉన్నారు. ఈ పూట వాటి జోలికి పోదలచుకోలేదు. మనం కూర్చున్న ఈ లాలాపేట, దీని పక్కనున్న తార్నాక, ఆ పక్కన ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఈ మూడింటి పుట్టుపూర్వోత్తరాలను, వీటిని ఎవరు పరిపాలిస్తూ వచ్చారన్న సంగతిని మీ ముందు ఉంచుతాము. పాల సంఘానికీ పట్టణ చరిత్రకూ సంబంధమేమిటని మీకు తోచవచ్చు. సంబంధం ఉన్నది. అది ఈ ప్రసంగం పూర్తయ్యేసరికి మీకే బోధపడుతుంది.

ముందుగా పేరు సంగతి చూద్దాం. నాకా అంటే కాపలా చౌకీ అని మీకందరికీ తెలిసిందే. సంతకు పోయే బండ్లను ఆపి పన్ను వసూలు చేసిన నాకాలు మన పెద్దలు ఎరిగినవే. తార్ అంటే తీగ. నిజాము ప్రభువులకు ఈ ప్రాంతంలో మామిడి తోటలు ఉండేవనీ, వాటి చుట్టూ ముళ్ల తీగ వేసి, కాపలాకు ఒక చౌకీ పెట్టారనీ, ఆ తీగ చౌకీయే తార్నాక అయిందనీ చెబుతారు. అంటే ఈ ఊరికి పేరు వచ్చింది ఇక్కడ కాపురమున్న జనం వల్ల కాదు. లోపలికి ఎవరూ రాకుండా వేసిన కంచె వల్ల వచ్చింది. ఈ మాట కొంచెం జ్ఞాపకం ఉంచుకోండి.

కంచెకు అవతల అడిక్‌మెట్ ప్రాంతం. ఉర్దూ కవయిత్రిగా ప్రసిద్ధి పొందిన మహలఖా బాయి చందాకు ఈ వైపున జాగీరు ఉండేదని చరిత్రకారులు రాశారు. ఆమె 1824లో కాలం చేసింది. ఆమె తరువాత దాదాపు వందేళ్లకు ఈ భూముల తలరాత మారింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఒక విశ్వవిద్యాలయం పెట్టడానికి ఆమోదం తెలిపాడు. 1918లో ఫర్మానా వెలువడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. అప్పటికి క్యాంపస్ లేదు. గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలో చదువులు సాగాయి. బోధన ఉర్దూలో జరిగేది. ఒక భారతీయ భాషను పై చదువులకు మాధ్యమంగా పెట్టుకున్న మొదటి విశ్వవిద్యాలయం మన దేశంలో ఇదే. ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి మార్చడానికి ప్రత్యేకంగా ఒక అనువాద శాఖనే నడిపారు. ఈ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష మాత్రం తెలుగు. ఆ ఎక్కువమందిని అడిగి చేసిన నిర్ణయం కాదది.

శాశ్వత భవనాలకు స్థలం చూడటానికి పాట్రిక్ గెడ్డెస్ అనే పట్టణ ప్రణాళికా నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చాడు. ప్లాన్లు గీసినవాడు జాస్పర్ అనే బెల్జియం దేశపు వాస్తుశిల్పి. 1934 జూలై 5న నిజాం శంకుస్థాపన చేశాడు. జాస్పర్ వెళ్లిపోయిన తరువాత నవాబ్ జైన్ యార్ జంగ్ పర్యవేక్షణలో పని సాగింది. మీరు చూడబోయే ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరులో ప్రారంభించారు. ఆ రాతి స్తంభాల ముందు నిలబడితే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రాయి చెక్కిన కూలీల పనితనానికి మొక్కడంలో తప్పేమీ లేదు. అయితే భూమి ఎవరిది, ఎంత కావాలి, ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకే ఒక్క కలం చెప్పిందన్న సంగతి కూడా ఆ రాళ్ల ముందే తలచుకోవాలి. మంచి పనే జరిగింది. మంచి పని జరగడం వేరు, జనం కలిసి జరుపుకోవడం వేరు.

ఆ క్యాంపస్ ఊరకే ఉండలేదు. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. వారిలో చాలామంది నాగపూరు వెళ్లి చదువు పూర్తి చేసుకున్నారు. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు వారిలో ఒకరు. 1969లోనూ, మళ్లీ 2009 తరువాతనూ తెలంగాణ ఉద్యమానికి ఈ ఆవరణే ఒక ఆయువుపట్టు అయింది. ఒకరు చెబితే తక్కినవారు వినాలి అన్న పద్ధతిని ఎదిరించడం ఈ గడ్డకు కొత్త కాదు.

ఇక తార్నాక చుట్టూ ఒక్కొక్క సంస్థ ఎలా వచ్చి చేరిందో చూడండి. నిజాం రైల్వే వారి లాలాగూడ కర్మాగారం 1893 నాటిది. పరిశోధనశాలల్లో పాతది 1944లో మొదలైంది. అది 1956లో ప్రాంతీయ పరిశోధనశాల అయింది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అన్న పేరు తెచ్చుకున్నది. జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది కూనూరులో, 1918లో. అంటే ఉస్మానియాకు అది ఒక ఈడు సంస్థ. 1958లో అది హైదరాబాదుకు తరలి వచ్చింది. పిల్లవాడికి పాలు ఎందుకు కావాలి, గర్భిణికి ఏమి తినిపించాలి అన్న సంగతులు దేశానికి చెప్పే సంస్థ మన డెయిరీకి కూతవేటు దూరంలో ఉన్నదన్నమాట. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చింది. 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం మొదలైంది. ఆర్టీసీ వారి ఆసుపత్రి ఇక్కడే ఉన్నది. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది. మన సంగతి చెప్పుకోవాలంటే 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి కార్పొరేషను, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. లాలాపేట పేరు చెబితే ఊళ్లలో పాడి రైతుకు గుర్తుకు వచ్చేది విజయ డెయిరీయే.

ఇన్ని సంస్థలు ఉండగా ఈ ఊరికి ఏం తక్కువ అనిపిస్తుంది. నిజమే. కాని ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క గోడ ఉన్నది. గోడ లోపల ఒక్కొక్క ప్రభుత్వం ఉన్నది. విశ్వవిద్యాలయానికి ఉపకులపతి, కార్యనిర్వాహక మండలి ఉన్నారు. రైల్వే కాలనీకి రైల్వే వారు ఉన్నారు. పరిశోధనశాలల యజమానులు ఢిల్లీలో ఉన్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ తార్నాకలో ఇల్లు కట్టుకున్న మనిషి సభ్యుడు కాడు. అక్కడ అతను ఉద్యోగి కావచ్చు, విద్యార్థి కావచ్చు, రోగి కావచ్చు, గేటు దగ్గర టీ అమ్ముకునేవాడు కావచ్చు. ఓటున్న సభ్యుడు మాత్రం కాడు. ఈ ఊరి మనిషికి పూర్తి సభ్యత్వం ఉన్న సంఘం ఒక్కటే. అది పురపాలక సంఘం. కనుక దాని కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో, హైదరాబాదుకు మొదటిసారి పురపాలన ఏర్పాటు జరిగింది. నగరాన్ని నాలుగు భాగాలుగానూ, చాదర్‌ఘాట్ శివారును అయిదు భాగాలుగానూ విభజించారు. 1886లో చాదర్‌ఘాట్‌ను వేరే మునిసిపాలిటీ చేశారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలాది ప్రాణాలు తీసింది. దాని తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. రోడ్లు వెడల్పయ్యాయి, ఇరుకు బస్తీలు మారాయి. అవన్నీ పైనుంచి వచ్చిన ఉత్తర్వుల మీద జరిగిన పనులే. 1933లో చాదర్‌ఘాట్‌ను తిరిగి కలిపి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషను చేశారు. 1934లో తొలి ఎన్నికలు జరిగాయి. 1942లో ఆ కార్పొరేషను హోదా పోయింది. మళ్లీ 1950లో గాని రాలేదు. ఇచ్చినవారే తీసుకున్నారు, తీసుకున్నవారే ఇచ్చారు.

హుస్సేన్‌సాగరుకు ఇవతలి గట్టున సికింద్రాబాదు కథ వేరు. అది బ్రిటిషు పటాలాల కోసం వెలసిన ఊరు. 1945లో కంటోన్మెంటుకు వెలుపలి భాగాన్ని నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించగా అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. 1950లో అదీ కార్పొరేషను అయింది. 1951లో జంటనగరాల రెండు కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగాయి. గ్రంథాలయోద్యమంలోనూ, ఆంధ్ర మహాసభలోనూ పెద్దదిక్కుగా పనిచేసిన మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదు మేయరు అయ్యారు. 1960 ఆగస్టులో రెండు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషను ఏర్పడింది. 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 డివిజన్లుండగా తార్నాక వాటిలో 143వది. ఆ డివిజను నుంచి ఎన్నికైన మహిళ 2021 ఫిబ్రవరిలో నగర ఉపమేయరు అయ్యారు. ఆ ఎన్నికల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారన్నది కూడా మనం గుర్తుంచుకోవలసిన సంగతి. దీని అవసరం తరువాత వస్తుంది.

ఇంతవరకు చెప్పినది పలకమీద రాసిన చరిత్ర. రాయని చరిత్ర మరొకటి ఉన్నది. అది ఖాళీల చరిత్ర.

1986లో ఎన్నికైన కౌన్సిలు గడువు 1991లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగినది 2002 జనవరిలో. అంటే నడుమ పదకొండేళ్లు. ఆ సంవత్సరం పుట్టిన పెయ్య ఈని, దాని పిల్ల ఈని, దాని మనుమరాలు కూడా పాలిచ్చేటంత కాలం. విచిత్రమేమంటే సరిగ్గా ఆ నడుమనే, 1993 జూన్‌లో, రాజ్యాంగ 74వ సవరణ అమలులోకి వచ్చింది. పట్టణ పాలకవర్గానికి గడువు అయిదేళ్లనీ, గడువు తీరకముందే ఎన్నిక జరగాలనీ, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో కొత్త పాలకవర్గం రావాలనీ ఆ సవరణ చెబుతుంది. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలనీ చెబుతుంది. 2007లో గ్రేటరు ఏర్పడిన తరువాత ఎన్నికలు 2009 నవంబరులో జరిగాయి. ఆ కౌన్సిలు 2014 డిసెంబరులో దిగిపోతే, తరువాతి ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. చట్టం గోడమీద గడియారం వంటిది. దానికి కీ ఇచ్చేవారు లేకపోతే ముల్లు కదలదు.

ఖాళీ కాలంలో పని ఆగిపోయిందా? ఆగలేదు. ప్రత్యేకాధికారి వచ్చాడు, సంతకాలు పెట్టాడు, జీతాలు ఇచ్చాడు, చెత్త ఎత్తించాడు. వారిలో సమర్థులు, నిజాయితీపరులు ఉంటారు. ఎన్నికైనవారికన్న బాగా పని చేసేవారూ ఉండవచ్చు. మరి నష్టమెక్కడ అంటే, ఆ అధికారి లెక్క చెప్పవలసినది తన పై అధికారికి. వీధిలో ఉండే మనిషికి చెప్పవలసిన అగత్యం లేదు. ఎన్నికలు ఉన్న కాలంలో ఆ మనిషి సభ్యుడు. ఎన్నికలు లేని కాలంలో అతను దరఖాస్తుదారు. సభ్యుడు అడుగుతాడు. దరఖాస్తుదారు వేడుకుంటాడు. చేతిలో కాగితం అదే, మురుగుకాలువ అదే, నిలబడే తీరు మాత్రం మారిపోతుంది.

దీనికి తోడు పని ముక్కలైపోయింది. తార్నాకలో ఒక ఇంటి యజమానికి కుళాయి రాకపోతే వెళ్లవలసినది 1989లో ఏర్పడిన జలమండలికి. కరెంటు పోతే విద్యుత్తు పంపిణీ సంస్థకు. బస్సు రాకపోతే ఆర్టీసీకి. చెత్త ఉంటే కార్పొరేషనుకు. విద్యానగర్ వైపు వెళ్లే దగ్గర దారి క్యాంపస్ గుండా పోతుంది గనుక ఆ దారి సంగతికి విశ్వవిద్యాలయానికి. రోడ్డు తవ్వినది ఒకరు, పూడ్చవలసినది ఇంకొకరు, గుంటలో పడేది మూడోవాడు. ఈ తలుపులన్నిటిలో అతని ఓటు పనిచేసేది ఒక్క తలుపు దగ్గరే. ఆ ఒక్కటి ఏళ్ల తరబడి తాళం వేసి ఉంటే ఆ ఊరి మనిషి తన ఊళ్లోనే పరాయివాడవుతాడు. పేరులోని కంచె సంగతి జ్ఞాపకం ఉంచుకోమన్నది ఇందుకే. ముళ్లతీగ ఎప్పుడో పోయింది. కనబడని కంచెలు నిలిచి ఉన్నాయి.

ఇది మనకు మాత్రమే పట్టిన జాడ్యమా అంటే కాదు. పాడికి పేరుపొందిన మరో దేశం సంగతి చెబుతాము. జర్మనీలో దక్షిణాన బవేరియా రాష్ట్రం ఉన్నది. ఆల్ప్స్ కొండల దిగువన పచ్చిక బయళ్లు, ఆవుల మందలు, చిన్న చిన్న పట్టణాలు. అక్కడ రెండు వేలకు పైగా స్థానిక సంస్థలున్నాయి. వాటిలో చాలావరకు మన మండల కేంద్రం కన్న చిన్నవి. వాటి చరిత్రలోనూ ఖాళీలున్నాయి. 1808లో బవేరియా ప్రభుత్వం ఒక శాసనంతో ఊళ్ల స్వపరిపాలన తీసివేసి అన్నిటినీ ప్రభుత్వోద్యోగుల చేతికిచ్చింది. పదేళ్లలో అది కుదరదని తేలి, 1818లో మరో శాసనంతో చాలావరకు తిరిగి ఇచ్చింది. 1933లో హిట్లరు వచ్చాడు. ఎన్నికైన కౌన్సిళ్లను పార్టీకి లోబరచాడు. 1935 చట్టంతో ఊరి పెద్దను పైనుంచి నియమించే పద్ధతి దేశమంతటా పెట్టాడు. యుద్ధంలో ఓడి దేశం శిథిలాల్లో ఉండగా, 1946 జనవరిలో, చిన్న ఊళ్లలోనే మొదట ఎన్నికలు జరిగాయి. రాష్ట్ర శాసనసభ ఎన్నిక తరువాత వచ్చింది, దేశ పార్లమెంటు ఎన్నిక 1949లో గాని రాలేదు. ఇల్లు కట్టేవాడు పునాది నుంచి మొదలుపెట్టినట్లు ముందు ఊరి కౌన్సిలు కట్టుకున్నారు.

ఇప్పుడు అక్కడి పద్ధతి ఇది. మేయరును జనమే నేరుగా ఆరేళ్లకు ఎన్నుకుంటారు. కౌన్సిలు సభ్యుల సంఖ్య జనాభాను బట్టి ఉంటుంది. వెయ్యి మంది దాటని ఊరికి 8 మంది, అయిదువేల నుంచి పదివేల వరకు ఉన్న ఊరికి 20 మంది. కౌన్సిల్లో ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు. తనకు నచ్చిన ఒక్క మనిషికి మూడు ఓట్ల వరకు వేయవచ్చు. పార్టీని దాటి మనిషిని చూసి ఓటు వేసే వీలు అది. నీటి సరఫరా, కొన్ని చోట్ల కరెంటు కూడా ఊరి సొంత సంస్థే నడుపుతుంది. దాని మీద కౌన్సిలు అదుపు ఉంటుంది.

మన మనసుకు హత్తుకున్నది మరో నియమం. ఏడాదికి ఒక్కసారైనా మేయరు ఊరి జనమందరినీ పిలిచి సభ పెట్టి తీరాలి. ఊరి సంగతులు అక్కడ చర్చించాలి. ఆ సభలో జనం చేసిన సిఫారసును కౌన్సిలు మూడు నెలల లోపల చర్చకు తీసుకోవాలి. ఒప్పుకోవాలని లేదు. కాదనవచ్చు. కాని వినలేదనడానికి వీల్లేదు, చూద్దామని మూలపెట్టడానికి వీల్లేదు. మూడు నెలలు అన్న గడువులోనే ఆ చట్టం బలమంతా ఉన్నది.

సభ్యులారా, ఆ మాట వినగానే మీకు తోచిన పేరు మాకు తెలుసు. మహాజన సభ. మన సహకార చట్టం 1964 నాటిది. సంఘంలో సర్వాధికారం మహాజన సభదే అని అది చెబుతుంది. రెండు లీటర్లు పోసేవారికీ ఒక ఓటు, ఇరవై లీటర్లు పోసేవారికీ ఒక ఓటు. పాలకవర్గానికి గడువు అయిదేళ్లు. అంటే బవేరియా పట్టణం వారికి ఉన్న హక్కులో సారమంతా మన ఊరి పాల సంఘానికి ఉన్నది. తార్నాక పౌరుడికి మేయరును సభకు పిలిచి లెక్క అడిగే హక్కు ఇంత స్పష్టంగా లేదు. మీకు ఉన్నది. మీ అధ్యక్షుడు మీ ఊరివాడు, మీ కేంద్రం మీ వీధిలో ఉన్నది, పుస్తకం మీ కార్యదర్శి పెట్టెలో ఉన్నది.

ఉన్నదాన్ని వాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న. సంఘాల్లో జరిగేది మీకు తెలియనిది కాదు. కొన్ని చోట్ల మహాజన సభ జరగదు. తీర్మానాల పుస్తకం సంచిలో పెట్టుకుని గుమాస్తా ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంటాడు. సభ్యుడు ఏమి రాశారో చదవడు. "అన్నా, నువ్వు పెట్టు, చూసుకుందాం" అంటే పెట్టేస్తాడు. కొన్ని చోట్ల గడువు ఎప్పుడు తీరిందో ఎవరికీ గుర్తుండదు. ఒకనాడు కాగితం వస్తుంది, పర్సన్ ఇన్‌చార్జి వస్తాడు. మొదట ఆరు నెలలంటారు. ఆ ఆరు నెలలకు మరో ఆరు నెలలు ఈనుతుంది. అప్పటికి గాని మనకు తెలిసిరాదు, మనం సభ్యుల వరుసలోంచి దరఖాస్తుదారుల వరుసలోకి మారిపోయామని.

కోర్టులూ రాజ్యాంగమూ ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. 2011లో ఆమోదించిన రాజ్యాంగ 97వ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. సంఘాల ఎన్నికలు, గడువుల గురించి అదే సవరణ ఒక ప్రత్యేక భాగాన్ని కూడా రాజ్యాంగంలో చేర్చింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్రాల లోపలి సంఘాలకు ఆ భాగం వర్తించదని 2021 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఊరి పాల సంఘానికి ఆసరా రాష్ట్ర చట్టమూ, సంఘం బైలా, అన్నిటికన్న ముఖ్యంగా సభ్యుల మెలకువ. ఎవరో ఢిల్లీనుంచి వచ్చి మన గడియారానికి కీ ఇస్తారని కూర్చుంటే గేదె కట్టుగొయ్య విప్పుకుని పోయిన తరువాత దొడ్డి తలుపు వేసినట్లవుతుంది.

అందుచేత మా మనవి నాలుగు మాటల్లో చెబుతాము. వీటికి డబ్బు ఖర్చు లేదు. పైవారి అనుమతి అక్కరలేదు.

మొదటిది. ప్రతి పాల కేంద్రంలో వెన్న శాతం ధరల పట్టిక గోడమీద ఉంటుంది. దాని పక్కనే మీ పాలకవర్గం ఏ తేదీన ఏర్పడింది, ఏ తేదీన గడువు తీరుతుంది అన్న రెండు తేదీలు రంగుతో రాయించండి. పాలు పోయడానికి పూటపూటా వచ్చే మనిషి కంట ఆ తేదీ పూటపూటా పడాలి. గడువు తీరబోయే ఏడాదిలో ఆ తేదీయే మాట్లాడుతుంది.

రెండవది. మహాజన సభలో లెక్కలు వినిపించేటప్పుడు లక్షల్లో చెప్పకండి. లక్షలు వింటే సభ్యుడికి నిద్ర వస్తుంది. ఒక లీటరు లెక్కన చెప్పండి. లీటరు మీద సంఘానికి వచ్చినదెంత, ఉత్పత్తిదారుకు ఇచ్చినదెంత, రవాణాకు, జీతాలకు, నిధికి పోయినదెంత, మిగిలినదెంత. ఈ అంకెలన్నీ వేళ్లమీద లెక్క పెట్టుకోగల మనిషి సంఘంలో ఎవరిచేతా మోసపోడు.

మూడవది. బవేరియా వారి మూడు నెలల నియమాన్ని అరువు తెచ్చుకుందాం. సభలో ఏ సభ్యుడు ఏ సూచన చేసినా, ఏ ఫిర్యాదు చెప్పినా, దాన్ని అతని పేరుతో పుస్తకంలో రాయండి. లాక్టోమీటరు సరిగా లేదన్నాడా, సాయంత్రం పూట పాలు తీసుకోవడం ఆలస్యమవుతోందన్నాడా, రాయండి. మూడు నెలల లోపల పాలకవర్గం దానిమీద ఏదో ఒక జవాబు చెప్పాలని తీర్మానించండి. కాదన్నా ఫరవాలేదు, కారణం చెప్పాలి. కారణం చెప్పి కాదన్న అధ్యక్షుణ్ణి సభ్యులు గౌరవిస్తారు. మౌనంగా ఉన్నవాణ్ణి గౌరవించరు.

నాలుగవది. తార్నాక ఎన్నిక సంగతి చెబుతూ మహిళల స్థానాలను గుర్తుంచుకోమన్నాము. తెల్లవారుజామున లేచి గడ్డి వేసేది, పేడ ఎత్తేది, పాలు పితికేది చాలా ఇళ్లలో ఇల్లాలే. సంఘం రిజిస్టరులో పేరు మాత్రం యజమానిది. హైదరాబాదు నగరం తన కౌన్సిల్లో సగం స్థానాలు మహిళలకు ఇచ్చినప్పుడు, చెంబు పట్టిన చేతికి సభ్యత్వం ఇవ్వడానికి మన సంఘాలకు అడ్డేమున్నది? ఇంటికి వెళ్లి ఆ రిజిస్టరు తెరిచి ఆడవారి పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ అంకెను వచ్చే మహాజన సభలో బయటికి చదవండి.

రేపు మిమ్మల్ని ఆర్ట్స్ కాలేజీ చూపించడానికి తీసుకువెళతారు. తార్నాక కూడలి మీదుగానే పోతారు. ఒక ప్రభువు కట్టించిన గొప్ప భవనాన్ని తప్పక చూడండి. దానిలో చదువుకున్న పేద పిల్లలు ఎందరో ఉన్నారు. మీ పిల్లలూ అక్కడ చదవాలని కోరుకుంటున్నాము. అయితే అటువంటి భవనం మనం కట్టలేము, కట్టనక్కరలేదు కూడా. మనం కట్టగలిగినది రేకుల కప్పు వేసిన ఒక చిన్న పాల కేంద్రం. దానిలో అయిదేళ్లకొకసారి ఎన్నిక, ఏడాదికొకసారి సభ, మూడు నెలల్లో జవాబు జరిగితే, ఆ నాలుగు గోడలు ఎవరివి అని ఎవరైనా అడిగినప్పుడు మన ఊరివాడు తడుముకోకుండా "మావి" అని చెప్పగలుగుతాడు. తార్నాక వంటి పెద్ద ఊరికి ఇంకా దొరకవలసిన జవాబు అది.

ప్రశ్నలున్నవారు అడగవచ్చు. వాటిని కూడా రాసుకుంటాము. మూడు నెలల్లో ఈ పత్రికలోనే జవాబు చెబుతాము.